పగిలితేనే గడప దాటేది

పొద్దున్నే మా వీధిలోకి ఘంటాగాడీ వస్తుంది. చెత్త తీసుకుపోయే మునిసిపాలిటీ బండికి నాందేడులో చిన్నాపెద్దా అందరూ వాడే పేరు అదే. గంట పోయి మైకులో పాట వచ్చినా పేరు మాత్రం మారలేదు. తలుపు తీయగానే ముందు దాని వాసన లోపలికి వస్తుంది: తడిసిన అట్టలు, పులిసిన మజ్జిగ, తుప్పు పట్టిన రేకులు, వాటన్నిటి మీదా చల్లిన ఫినైలు. వాసనలు జ్ఞాపకాలను మోసుకొస్తాయని రాసేవాళ్లను నేను పెద్దగా నమ్మను. ముక్కుకు తగిలేవి కొన్ని అణువులు మాత్రమే, తక్కినదంతా మనం కలుపుకునేదే. అయినా మొన్న దసరా తర్వాత ఇల్లు సర్దుతూ, రబ్బరు అరిగిపోయిన పాత కుక్కరు ఒకటి ఆ బండి మీది మనిషికి అందించాను. అతను దాన్ని చెత్తలో వేయకుండా అటూ ఇటూ తిప్పి చూసి, "చాంగ్లా ఆహే కీ మావ్‌శీ, కశాలా టాక్తా?" అని, బాగున్నదాన్ని ఎందుకు పడేస్తున్నావని మరాఠీలో మందలించి, సీటు పక్కన భద్రంగా పెట్టుకున్నాడు. బండి వెళ్లిపోయాక కూడా నేను చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. నేను పుట్టి పెరిగిన ఇంట్లోంచి ఏ వస్తువూ అలా ఒంటి మీద దెబ్బ లేకుండా బయటికి వెళ్లలేదు.

ఆ ఇల్లు గోదావరి రేవు వైపు దిగే ఒక ఇరుకు గల్లీలో ఉండేది. గల్లీలో సగం ఇళ్లు తెలుగువాళ్లవి, సగం మరాఠీవాళ్లవి. తిట్లు మాత్రం అందరికీ ఉమ్మడి. జొన్న కంకి పాలు పట్టే రోజుల్లో, జిన్నింగు మిల్లులు మొదలై గాలిలో తేలే దూది పోగులు తడి సున్నపు గోడలకు అంటుకునే రోజుల్లో దీపావళి వచ్చేది. మా నాన్నను మేము బాపు అనేవాళ్లం. ఆయన ఆ మిల్లుల్లో ఒకదానిలో ఫిట్టరు. బాపు తల్లి బాపమ్మ ఇంటికి యజమాని. అమ్మ, అక్క, నేను, బాపు తమ్ముడైన పెళ్లికాని విఠల్ కాక, అందరం ముందు గదుల్లో ఉండేవాళ్లం. వెనక అర్రలో పెద్దమ్మ ఉండేది. ఆమె బాపు అన్న భార్య. ఆ అన్నను నేను చూడలేదు, నేను పుట్టకముందే పోయాడు. పిల్లలు లేరు. ఆమె పేరు రాజవ్వ అని బాపమ్మ కేకలు వేసినప్పుడు మాత్రమే మాకు గుర్తుకు వచ్చేది.

దీపావళికి ముందు ఇల్లు శుభ్రం చేయడాన్ని ఇప్పటివాళ్లు సరదా పనిగా చెప్పుకుంటారు. మా ఇంట్లో అది యుద్ధం. పెరట్లో సగానికి కోసిన పీపాలో సున్నపు రాళ్లు వేసి నీళ్లు పోస్తే అవి బుసకొట్టి, పగిలి, కుతకుత ఉడికేవి; మంట లేకుండా నీళ్లు మరగడం చూసి బాపమ్మ దాన్ని లక్ష్మి రాకడ అనేది, అది కేవలం సున్నపురాయికీ నీటికీ మధ్య జరిగే వ్యవహారమని నాకు తెలియడానికి కాలేజీ దాకా ఆగవలసి వచ్చింది. ఆ తేట చేతి మీద పడి అమ్మ మోచేతి చర్మం ఊడివచ్చింది ఒకసారి. పరుపులు గోడ మీద వేసి వెదురు కర్రలతో బాదేవాళ్లు. అటక మీద నుంచి పెట్టెలు దించుతుంటే ఎలుకలు కిందికి దూకేవి, కాక వాటిని కర్రతో గోడకు అదిమి చంపేవాడు. తేళ్లను బాపమ్మ చెప్పు కోసం కూడా చూడకుండా ఒట్టి మడమతో తొక్కేది. వంటింట్లో గర్జెలు వేగుతున్న నూనె వాసన, పెరట్లో చచ్చిన ఎలుకల వాసన, రెండూ కలిసి మాకు పండుగ వాసన.

అన్నిటికన్నా పెద్ద ఘట్టం పలగ్గొట్టుడు. ఇంట్లో పనికిరానిదని తేలిన ప్రతి వస్తువునూ పెరట్లో నల్లరాతి బండ మీద పెట్టేవాళ్లు. బాపు మిల్లు నుంచి తెచ్చుకున్న సమ్మెట ఎత్తి దాన్ని పగలగొట్టేవాడు. బీటలు వారిన ఊరగాయ జాడీ, మూతి పోయిన కూజా, లాంతరు బుడ్డి, సొట్టపడ్డ జర్మన్ గిన్నె, కాలు విరిగిన పీట, ఏదైనా సరే, ముక్కలయ్యాకే గడప దాటాలి. బాపు చొక్కా విప్పి, కాళ్లు ఎడంగా పెట్టి, ప్రతి దెబ్బకూ ముక్కుతో ఒక శబ్దం చేసేవాడు. జాడీలు పగిలితే ఉప్పు, కారం వాసన లేచి మాకు తుమ్ములు వచ్చేవి. గాజు పెంకులు ఎగిరి కాళ్లకు గుచ్చుకునేవి. మేము కేరింతలు కొట్టేవాళ్లం. ఆ ముక్కలన్నీ మాకు ఆస్తి: మరాఠీ పిల్లల్ని చూసి మేమూ వాకిట్లో మట్టితో కిల్లా కట్టేవాళ్లం, చీనా జాడీ పెంకులు దానికి బురుజులు, కూజా మెడ దానికి సింహద్వారం. పండుగ అయిపోయిన మరునాడు ఎదురింటి పిల్లల కోటలో సుతిలి బాంబు పెట్టి పేల్చేవాళ్లం, వాళ్లు మాది పేల్చేవాళ్లు, ఆ తర్వాత రాళ్లు రువ్వుకునేవాళ్లం. అక్క కనుబొమ్మ మీది మచ్చ ఒక దీపావళిదే.

పగలగొట్టకుండా పారేస్తే ఆ వస్తువు వెంట లక్ష్మి కూడా వెళ్లిపోతుందని బాపమ్మ చెప్పేది. అది శాస్త్రమో సంప్రదాయమో అయి ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. పెద్దయ్యాక కిన్వట్ వైపు, నాయ్‌గావ్ వైపు, నిజామాబాదు చుట్టాల ఇళ్లలో విచారిస్తే అలాంటిది ఉందని ఎవరూ విని ఉండలేదు. అది మా ఇంటి ఆచారమే, దానికి కారణం మా ఇంట్లోనే ఉంది. ఏ వస్తువు బయట పడేసినా పెద్దమ్మ సాయంత్రానికల్లా కొంగు చాటున దాన్ని వెనక్కి తెచ్చేది. ముక్కలు చేస్తే తెచ్చేది కాదు. అంతే. లక్ష్మి తర్వాత చేరింది.

గల్లీలోకి పాత ఇనుము కొనేవాడు వచ్చి "భంగార్! భంగార్!" అని అరిచేవాడు. మరాఠీలో భంగార్ అంటే తుక్కు. మా ఇళ్లలో భకారం పలికేవాళ్లు తక్కువ. ఎవరు చెప్పినా అది బంగార్ అనే వినిపించేది. మేము పెద్దమ్మ అర్ర ముందు నిలబడి, "పెద్దమ్మా, బంగార్ కొనెటోడు అచ్చిండు, నీ బంగారం తియ్యి!" అని ఏడిపించేవాళ్లం. ఆమె లోపలి నుంచే, "నా బంగారం కొనెటంత మొగోడా వాడు? పొమ్మను!" అనేది.

ఆ అర్రలోకి వెళ్లాలంటే పక్కకు తిరిగి వెళ్లాలి. గొడుగు పుల్లలు కట్టలు కట్టి, వనస్పతి డబ్బాలు ఒకదానిలో ఒకటి దూర్చి, చీర పేలికలు ఉండలు చుట్టి, గొట్టం పోయిన స్టవ్వు, పిడి లేని కత్తి, ముల్లు లేని గడియారం, ఎవరివో తెలియని చెప్పుల పట్టీలు, అన్నీ ఆమెకు మాత్రమే తెలిసిన క్రమంలో పేర్చి ఉండేవి. అడిగితే చీకట్లో కూడా చేయి పెట్టి తీసి ఇచ్చేది. రజాకార్ల నాళ్లలో మావాళ్ల సొంతూళ్లో ఇల్లు తగలబడితే కట్టుబట్టలతో పరుగెత్తి వచ్చిందనీ, అప్పటి నుంచే ఏదీ వదలదనీ అందరూ చెప్పేవాళ్లు. వినడానికి బాగుంటుంది. కానీ అదే మంటలో నుంచి అదే రోజు అదే ఇంట్లోంచి బాపమ్మ కూడా పరుగెత్తింది, ఆమె అరిగిన చీపురును కూడా ఇంట్లో ఉంచనిచ్చేది కాదు. ఒకే కారణం ఇద్దరిలో రెండు విరుద్ధ ఫలితాలు ఇచ్చిందంటే, అసలు కారణం అది కాకపోవచ్చు, లేదా ఇంకేదో తోడై ఉండవచ్చు. ఆ తోడు ఏమిటో నాకు తెలియదు.

అర్ర మధ్యలో ఒక్క వస్తువుకు మాత్రం చుట్టూ జాగా ఉండేది: ఇసుర్రాయి. రెండు రాళ్ల తిరగలి, పై రాయి అంచున తుమ్మ కట్టె పిడి. మొగుడు పోయిన తర్వాత పెద్దమ్మ ఇంటిల్లిపాదికీ జొన్నలు దానిమీదే ఇసిరింది. మేము నిద్ర లేచేది ఆ గరగరతోనే. గల్లీ మొగలో కరెంటుతో నడిచే పిండి గిర్ని వచ్చాక జొన్నలు డబ్బాలో పోసి అక్కడికి పంపడం మొదలైంది. రాయి ఆగిపోయింది. పెద్దమ్మ మాత్రం రోజూ దాన్ని తుడిచి బొట్టు పెట్టేది.

దీపావళి లక్ష్మీపూజ మరునాటి తెల్లవారుజామున మా గల్లీలో జరిగే ఇంకొక తంతు గురించి ఇక్కడ చెప్పాలి. మరాఠీ ఆడవాళ్లు పాత చీపురుతో చేట మీద కొడుతూ ఇల్లంతా తిరిగి, దరిద్ర దేవతను వాకిలి దాటించి, "ఇడా పిడా జావో" అని కేకలు వేసేవాళ్లు. పీడ వదిలిపోవాలని దాని అర్థం. తెలుగు ఆడవాళ్లు ఆ ఆచారాన్ని తీసుకున్నారు గానీ మాట మార్చారు. లక్ష్మికి అక్క జ్యేష్ఠాదేవిని మనవాళ్లు పెద్దమ్మ అంటారు కదా, అందుకని మా గల్లీలోని తెలుగు ఇళ్లన్నిటా చేటలు మోగుతుంటే, "పెద్దమ్మా, బయటికి నడువ్! లచ్చిమీ, లోపటికి రా!" అని వినబడేది. మా ఇంట్లో మాత్రం బాపమ్మ మరాఠీలోనే అనేది. నోరు తిరగక "ఇడపిడ, ఇడపిడ" అంటుంటే మేము నవ్వేవాళ్లం. ఎందుకు మరాఠీలో అంటున్నావని ఒకసారి అడిగితే నెత్తిన ఒక మొట్టికాయ వేసి, "ఇంట్ల మనిషున్నది గదే" అంది. ఎంతటి కోపిష్ఠి అయినా ఆ మర్యాద ఒకటి పాటించింది.

నేను అయిదో తరగతిలో ఉన్న ఏడు విఠల్ కాకకు లగ్గం కుదిరింది. ఇంట్లో కొత్త జంటకు ఇవ్వడానికి వెనక అర్ర తప్ప ఇంకొకటి లేదు. దీపావళి శుభ్రంతో పాటు అది కూడా ఖాళీ కావాలని బాపమ్మ తీర్మానించింది.

"కొత్త కోడలు యాడ పండాలె రాజవ్వా? నీ డబ్బల మీదనా?"

"నా అర్ర ఇస్త అత్తా, నేను వసార్ల పండుకుంట. సామాను జోలికి మాత్రం రావద్దు."

"సామానట సామాను! మూతిలేని కూజ, గొట్టంలేని స్టవ్వు! నెత్తిమీద పెట్టుకొని ఊరేగుతవానే?"

"నీ దినాలకు వంటపాత్రలు కావాలె గద, గందుకే దాస్తున్న."

బాపమ్మతో సహా అందరం నవ్వాం. నవ్వుతూనే బాపమ్మ లోపలికి నడిచి మొదటి డబ్బా బయటికి విసిరింది.

లక్ష్మీపూజ నాటి ఉదయం అది. బాపమ్మ, కాక, అమ్మ చేతులకు అందినవి అందినట్టు పెరట్లోకి మోశారు. పెద్దమ్మ మొదట్లో ఒక్కొక్కదాన్నీ లాక్కుని లోపల పెట్టింది. వాళ్లు ముగ్గురు, ఆమె ఒక్కతె. తర్వాత బండ పక్కన కూర్చుంది. బాపు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు దెబ్బల్లో లయ లేదు. ఏటేటా ఏ పది వస్తువులో ఉండేవి. ఆ ఏడు కుప్ప తరగడం లేదు. డబ్బాలు అణగి, స్టవ్వు పగిలి మిగిలిన కిరసనాయిలు బండ మీద పారింది. గడియారం లోపలి స్ప్రింగు బుసబుసా విప్పుకుని కాక ముంజేతిని చీల్చింది. కాక బూతు తిట్టి, ఆ రక్తం చేతినే విదిలిస్తూ మళ్లీ లోపలికి వెళ్లాడు. గొడుగు పుల్లల కట్టను చూపి, "వదినె, గివి నా బరాత్‌ల పట్టుకుంటవా?" అని కూడా అన్నాడు. మేము కేరింతలు కొట్టడం ఎప్పుడో ఆపేశాం. పిట్టగోడ మీద నుంచి పక్కింటివాళ్లు చూస్తున్నారు.

చివరికి కాక, బాపు కలిసి ఇసుర్రాయిని దొర్లించుకుంటూ తెచ్చి బండ మీదికి ఎక్కించారు. పెద్దమ్మ లేచి దాని పిడి పట్టుకుంది.

"జరుగు వదినె," అన్నాడు బాపు. ఒంటి నిండా చెమట, జుట్టులో గాజు పొడి.

"ఇది పోదు గంగాధరా."

"గిర్ని అచ్చి ఎన్నేండ్లాయె! దీంతోని ఏం పని?"

"పని లేదు. నాకు గూడ లేదు పని. నన్ను గూడ తెచ్చి గీడ పెట్టు మరి."

గోడ అవతల నుంచి ఎవరో మగవాడు నవ్వి, "గంగాధర్ భావు, వహినీ జింక్లీ!" అని, వదినే గెలిచిందని మరాఠీలో హాస్యమాడాడు. ఇంకా కొందరు నవ్వారు. బాపమ్మ వసారాలో నుంచి అరిచింది: "ఏం జూస్తున్నవ్‌రా, ఎయ్యి దెబ్బ!"

సమ్మెట పడింది. పై రాయి నిలువునా రెండు చెక్కలైంది. పిడి చీలిపోయింది. పెద్దమ్మ అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు, ఇంజను ఆవిరి వదిలినట్టుంది. ఆమె కుడిచేయి బండ మీద రాతి ముక్కల మధ్య ఉండిపోయింది, కిరసనాయిలులోకి రక్తం కారుతోంది. అమ్మ పసుపు డబ్బా తెచ్చి బోర్లించింది. బాపు సమ్మెట పట్టుకునే నిలబడ్డాడు. కాక ఆయన చేతిలోంచి దాన్ని ఊడబెరికి, పెద్దమ్మను రిక్షాలో కూర్చోబెట్టుకుని సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. సాయంత్రం పూజ వేళకు తిరిగి తీసుకొచ్చాడు. రెండు వేళ్లు తీసేశారు.

ఆ దెబ్బ గురించి మా ఇంట్లో మూడు కథనాలు ఉన్నాయి. తాను సమ్మెట ఎత్తాక వదిన చేయి అడ్డం పెట్టిందని బాపు చెప్పాడు. సమ్మెట తల పిడి నుంచి జారిందని అక్క ఇప్పటికీ వాదిస్తుంది. దేవుడు చేయించాడని బాపమ్మ అంది. మూడింటినీ నేను చాలాసార్లు పరిశీలించాను. తల జారి ఉంటే రాయి అంత శుభ్రంగా చీలేది కాదు. ఆ చెక్కలు చాలా ఏళ్లు మా పెరట్లో ఉన్నాయి, అంచులు నేను చూశాను. అడ్డం పెట్టిన చేయి అయితే అరచేయి చాపి ఉంటుంది, దెబ్బ దాని మీద పరుచుకుని తగులుతుంది. పెద్దమ్మ గాయాలు పిడికిలి బిగించిన వేళ్ల కణుపుల మీద ఉన్నాయి. పిడి చుట్టూ పిడికిలి బిగించి పట్టుకున్న చేతికి తగిలే గాయం అది. పైనుంచి పడే సమ్మెట కిందికి వచ్చే వ్యవధిలో అలా పట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. అంటే చేయి ముందు నుంచీ అక్కడే ఉంది. సమ్మెట ఎత్తేవాడు చూసేది కొట్టవలసిన చోటునే. దేవుడి గురించి నా దగ్గర ఆధారాలు లేవు. బాపును నేను ప్రేమించాను. ఆయన చూశాడనే నా లెక్క.

మరునాడు తెల్లవారకముందే బాపమ్మ అలవాటుగా చేట, పాత చీపురు తీసుకుని లేచింది. వసారాలో పెద్దమ్మ స్నానం చేసి, కట్టు కట్టిన చేతిని కొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది. పక్కన మూట లేదు, పెట్టె లేదు. బాపమ్మ చీపురు ఎత్తింది గానీ చేట మీద కొట్టలేకపోయింది.

"ఎందుకత్తా ఆగినవ్? కొట్టు. ఇయ్యాల మరాఠీల అనుడు అవసరం లేదు."

"నోరు ముయ్యే రాజవ్వా. పండుగ పూట."

"పలగ్గొట్టినంక ఇంట్ల ఉంచుకోరు గద మీరు. గందుకే పోతున్న."

అమ్మ అడ్డం పడి, "అక్కా, జెర ఆగు, ఆయన లేస్తడు," అని కొంగు పట్టుకుంది. బాపు లేచే ఉన్నాడని నాకు తెలుసు. గోడ వైపు తిరిగి పడుకున్న ఆయన వీపు కదులుతోంది. పెద్దమ్మ ఎడమ చేత్తో అమ్మ వేళ్లు ఒక్కొక్కటీ విడిపించి గడప దాటింది. నేను గుమ్మం దాకా పరుగెత్తాను. చీకటి ఇంకా పూర్తిగా పోలేదు, వాకిళ్లలో ప్రమిదలు ఆరిపోతున్నాయి. గల్లీ అంతా చేటలు మోగుతున్నాయి. ప్రతి తెలుగు ఇంట్లోంచీ చీపుళ్లు పట్టుకున్న ఆడవాళ్లు గడప మీదికి వచ్చి గొంతెత్తి అరుస్తున్నారు: "పెద్దమ్మా, బయటికి నడువ్! పెద్దమ్మా, నడువ్ బయటికి!" ఆ కేకల మధ్య నుంచి, ఎటూ తల తిప్పకుండా, మా పెద్దమ్మ స్టేషను వైపు నడిచి వెళ్లింది.

ఇది మరీ కథలా అమరిందని నాకే అనుమానం. ఆమె ఇంకొక రోజు వెళ్లి ఉండవచ్చు, ఆ కేకలను నా మనసు తర్వాత జోడించి ఉండవచ్చు. అక్క అలాగే అంటుంది. అందుకని చాలా ఏళ్ల తర్వాత, గల్లీలో మిగిలిన పాతవాళ్లలో ఒకరైన లచ్చవ్వను అడిగాను. ఆమె అప్పటికి ఆ గల్లీలోనే ఒక ఇంటికి కొత్త కోడలు. నేనేమీ మాట అందించకుండానే చెప్పింది: "నేనే గట్టిగ ఒర్రుకుంట బయటికి అచ్చిన బిడ్డా. ఎదురుంగ మీ పెద్దమ్మ. నా చేతుల చేట గట్లనే ఉన్నది. ఆమె నన్ను జూసి, 'పోతున్ననే, ఎందుకు గంత ఒర్రుతవ్?' అన్నది." అప్పటి నుంచి ఆమె చేట మోగించలేదట.

పెద్దమ్మ గోకుందలో తన తమ్ముడి ఇంటికి చేరింది. కాక లగ్గానికి రాలేదు. ఎండాకాలం సెలవుల్లో బాపు నన్ను వెంటబెట్టుకుని కిన్వట్ దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి టేకాకుల దుమ్ములో గోకుందకు నడిచాడు. తమ్ముడి ఇంటి వెనక ఆమెకు ఒక గది ఇచ్చారు. మా అర్ర కన్నా పెద్దదే. అందులో గోడకు ఆనించిన చాప ఒకటి, నీళ్ల చెంబు ఒకటి. మేకుకు ఒక చీర. అంతే. పేడతో అలికిన నేల మీద ఒక పుల్ల కూడా లేదు. గొడుగు పుల్ల చేతికి దొరికినా వదలని మనిషి గది అది. బాపు గుమ్మంలోనే ఆగిపోయాడు. నా భుజం మీది ఆయన చేయి ఎంత గట్టిగా బిగిసిందంటే నొప్పికి నేను అరిచాను.

"వదినె, ఇంటికి పోదాం పా."

పెద్దమ్మ చాప పరిచింది, మూడు వేళ్లతో.

"కూసో గంగాధరా. పలగ్గొట్టెటందుకు ఈడ ఏం లేదు, భయం లేకుంట కూసో."

ఆయన కూర్చోలేదు. గోడకు తల ఆనించి, నేను ఎన్నడూ వినని గొంతుతో ఏడ్చాడు. ఆమె ఎడమ చేత్తో ఆయనకు నీళ్లు ఇచ్చింది, నాకు ఉడకబెట్టిన శనగల గుడాలు పెట్టింది, మమ్మల్ని సాయంత్రం బండికి పంపేసింది. బాపు ప్రతి దీపావళికి ముందు ఒంటరిగా గోకుంద వెళ్లేవాడు, ఒంటరిగానే తిరిగి వచ్చేవాడు. ఆమె అక్కడే, ఆ ఖాళీ గదిలోనే పోయింది.

మా ఇంట్లో ఆ తర్వాత ఏదీ బయటికి పోలేదు. పగలగొట్టడానికి ఎవరికీ చేయి లేవలేదు, పగలగొట్టకుండా పారేయడానికి బాపమ్మ ఆచారం ఒప్పుకోలేదు. సొట్ట గిన్నెలు, కాలిన బల్బులు, చిరిగిన పరుపులు అటక నిండి, వసారా నిండి, చివరికి కాక, పిన్ని ఇల్లు వదిలి వేరే కిరాయికి వెళ్లే దాకా వచ్చింది. బాపు పోయాక ఆ ఇంటిని నేనూ అక్కా ఖాళీ చేశాం. దుమ్ములో దగ్గుతూ, తగవులాడుకుంటూ, ఏదీ విరగ్గొట్టకుండా.

ఇప్పుడు అక్కడ మూడంతస్తుల మేడ ఉంది. జిన్నింగు మిల్లులు మూతపడ్డాయి, గాలిలో దూది లేదు. ఇసుర్రాళ్లను హోటళ్ల ముందు అలంకారానికి పెడుతున్నారు. ఇంటిని ఖాళీ చేస్తే మనసు తేలికపడుతుందని మా మనవరాలు ఫోనులో చూపించే మనుషులు చెబుతుంటారు. కాదనను, నా అటక కూడా నేను సర్దుకుంటూనే ఉన్నాను. అయితే ఏ గదినైనా ఎవరు ఖాళీ చేశారో, అందులో ఉండేవాళ్లను అడిగారో లేదో చెప్పకుండా ఆ మాటను నేను అంగీకరించలేను. నిరుడు దీపావళి మరునాడు పనిగట్టుకుని తెల్లవారకముందే ఆ గల్లీకి వెళ్లి నిలబడ్డాను. టపాకాయలు వినిపించాయి, టీవీలు వినిపించాయి. చేట చప్పుడు ఒక్కటీ లేదు. మేడ మెట్ల మీద ఒక తెలుగు పిల్ల తన తండ్రి వదినను హిందీలో "బడీ మమ్మీ" అని పిలుస్తోంది. పెద్దమ్మను పొమ్మనేవాళ్లు ఆ గల్లీలో ఇప్పుడు లేరు. ఆ పేరుతో ఎవరినీ రమ్మనేవాళ్లు కూడా లేరు.